శాశ్వత లోక్ అదాలత్‌లో ఏడు నెలలు: ఒక కక్షిదారు సమీక్ష

మా అమ్మ మోకాలి మార్పిడి శస్త్రచికిత్సకు 2,20,500 రూపాయల బిల్లయింది. రోజుకు 5,000 దాకా అద్దె ఉన్న గదికే అర్హత ఉండగా 7,000 గదిలో ఉన్నామన్న కారణంతో బీమా కంపెనీ మొత్తం బిల్లులో ఏడింట రెండు వంతులు, అంటే 63,000 రూపాయలు, కోసేసింది. ఆ తగాదాను మా పాత ఉమ్మడి జిల్లా కేంద్రంలోని శాశ్వత లోక్ అదాలత్‌కు తీసుకువెళ్లాను.

పత్రికలకెక్కే జాతీయ లోక్ అదాలత్ వేరు, ఇది వేరు. అక్కడ రాజీ కుదరకపోతే కేసు తిరిగి కోర్టుకే పోతుంది. ఇక్కడ మాత్రం, న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987కు 2002లో వచ్చిన సవరణ వల్ల, రాజీ ప్రయత్నం విఫలమైతే బెంచియే గుణదోషాలు చూసి తీర్పు చెప్పగలదు. రవాణా, తపాలా, విద్యుత్తు, నీటి సరఫరా, ఆసుపత్రి, బీమా వంటి ప్రజోపయోగ సేవల వివాదాలు కోటి రూపాయల విలువ వరకు దీని పరిధిలోకి వస్తాయి. కోర్టు ఫీజు లేదు. వకీలును పెట్టుకోవలసిన అవసరం నాకు రాలేదు.

ఎత్తయిన వేదిక కాకుండా ఒకే బల్ల, దాని చుట్టూ కుర్చీలు ఉన్నాయి. ఛైర్మన్, ఇద్దరు సభ్యులు మాకు ఎదురుగా కూర్చున్నారు. మూడో వాయిదాలో ఛైర్మన్ బిల్లును ముందుకు లాక్కుని మందులు, ఇంప్లాంటు, పరీక్షల వరుసలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 నాటి మార్గదర్శకాల ప్రకారం వీటిలో దామాషా కోత, అంటే గది అద్దె తేడా నిష్పత్తిలో వేసే కోత, ఎలా వేశారని అడిగారు. కంపెనీ తరఫు జూనియర్ వకీలు దగ్గర జవాబు లేదు. అసలు రాజీపడే అధికారమే ఆయనకు లేదు. “పైవాళ్లను కనుక్కుని చెబుతానండీ” అన్న మాటతోనే అంతకుముందు రెండు వాయిదాలు గడిచాయి. ఇరుపక్షాలూ చిత్తశుద్ధితో సహకరించాలని చట్టం చెబుతుంది గానీ, ఆ గదిలో ఆ మాటకు బలమేమీ కనిపించలేదు. నోటీసు అందడానికే రెండు నెలలు పట్టింది.

అయినా అయిదో వాయిదాలో కంపెనీ దిగివచ్చింది. సున్నాలు చుట్టిన వరుసల కింద 41,000 ఇచ్చేటట్లు, మిగిలిన 22,000, వడ్డీ నేను వదులుకునేటట్లు బెంచి ప్రతిపాదించగా ఇద్దరమూ సంతకాలు పెట్టాము. తీర్పు చెప్పే అధికారం బెంచి చేతిలో ఉండబట్టే ఆ రాజీ కుదిరిందని నా అభిప్రాయం. మంచిమాటలతోనే సరిపెట్టుకునే వేదికయితే ఆ వకీలు పదో వాయిదాకూ అదే మాట చెప్పేవారు. అలాగని బెంచి నేరుగా తీర్పులోకి దూకడానికీ వీల్లేదు: రాజీ ప్రయత్నం తప్పనిసరి దశ అని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది.

వెళ్లేవారు ఒక సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఇక్కడ దరఖాస్తు పెట్టాక అదే వివాదం మీద మరో కోర్టుకు వెళ్లకూడదు. అవార్డు, అంటే ఇక్కడ వెలువడే తుది నిర్ణయం, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. హైకోర్టులో రిట్, అంటే రాజ్యాంగం కింద వేసే పిటిషన్, ఒక్కటే దారి. పెద్ద మొత్తాల తగాదాలున్నవారికి ఇది చిన్న విషయం కాదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. కోసుకున్న ఆ ఒకటిన్నర నోటీసు జాప్యానికి, చేతిలో అధికారం లేని ప్రతినిధులను రానిచ్చినందుకు. చెక్కు మాత్రం చెప్పిన గడువుకు మూడు రోజుల ముందే వచ్చింది.