క్లిప్పులున్న పళ్ళకు మూలికల మౌత్‌వాష్: ఏడాది పైగా వాడి చెబుతున్నాను

నోటి వాసనకు బాగా పనిచేసింది, చిగుళ్ళకు కొంత మేలు చేసింది, పళ్ళకు మాత్రం ఏమీ చేయలేదు.

క్లిప్పులు వేశాక బ్రాకెట్ల (పళ్ళకు అతికించే చిన్న బిళ్ళల) చుట్టూ, తీగ కింద, రబ్బరు రింగుల అంచుల్లో పాచి పేరుకుంటుంది. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి బ్యాక్టీరియా అక్కడ తిష్ఠ వేసి చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. నాకు చిగుళ్ళు వాచి, బ్రష్ చేసినప్పుడల్లా రక్తం వచ్చేది. డాక్టరు గారు మొదట క్లోర్‌హెక్సిడిన్ అనే, బ్యాక్టీరియాను చంపే మౌత్‌వాష్ ఇచ్చారు. వాపు త్వరగానే తగ్గింది కానీ నాలుకకు రుచి తెలియకుండా పోయింది, పళ్ళ మీద గోధుమరంగు మరకలు మొదలయ్యాయి. అది ఎక్కువకాలం వాడేది కాదని ఆవిడే ఆపించారు. ఆ తర్వాతే వేప, లవంగం, తులసి, త్రిఫల ఉన్న, ఆల్కహాలు లేని ఈ మౌత్‌వాష్‌కు మారాను.

లవంగం ఘాటు, ఆ వెనకే చేదు. పుదీనా తీపికి అలవాటుపడినవాళ్ళు ముఖం చిట్లించడం ఖాయం. అయితే తీగ గీరుకుని బుగ్గ లోపల పుండైనప్పుడు కూడా మంట పుట్టలేదు, నాకు అదే పెద్ద ఊరట. లేతరంగు రబ్బరు రింగులు పసుపెక్కుతాయి. ఎలాగూ మార్చేవే కాబట్టి పట్టించుకోలేదు.

కొన్ని వారాల్లో రక్తం రావడం దాదాపు ఆగింది. ఆ ఘనత అంతా సీసాకు కట్టబెట్టలేను, ఎందుకంటే తీగ కింద తోముకునే సన్నటి బ్రష్ కూడా అప్పుడే మొదలుపెట్టాను. మధ్యలో సీసా అయిపోయి కొన్నాళ్ళు సన్నటి బ్రష్‌తోనే గడిపితే చిగుళ్ళలో పెద్ద తేడా రాలేదు, పొద్దుటి వాసన మాత్రం తిరిగొచ్చింది. బ్యాక్టీరియాను తుడిచిపెడుతుందని లేబుల్ మీద ఉంటుంది కానీ, లాలాజలంలో తేలే బ్యాక్టీరియా వేరు, పంటికి అంటుకుని పొరకట్టినది వేరు. ఆ పొర పుక్కిలిస్తే ఊడదు, తోమితేనే పోతుంది.

అసలు లోటు, పళ్ళు పుచ్చిపోకుండా కాపాడే ఫ్లోరైడ్. నేను వాడిన దానిలో అది లేదు. పాచి నిలిచిన చోట ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) ఖనిజాలు కోల్పోయి తెల్ల మచ్చలు పడతాయి, శుభ్రత తగ్గితే నెల రోజుల్లోనే మొదలుకావచ్చు. నా కోరపంటి బ్రాకెట్ పక్కన ఒకటి కనబడగానే డాక్టరు గారు 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ మౌత్‌వాష్ రాశారు. ఇప్పుడు రాత్రి బ్రష్ చేశాక అది, ఆపై అరగంట ఏమీ తినను, తాగను. మూలికలది మధ్యాహ్నం భోజనం తర్వాత. రెండిటిలో ఒక్కటే కొనగలిగితే ఫ్లోరైడ్ ఉన్నదే కొనండి.