ముఖం ఎముకల ఆపరేషన్ తర్వాత సైనస్ రిన్స్ సీసా: మంచిదే, కానీ గట్టిగా నొక్కొద్దు

చెంప ఎముకో పై దవడో విరిగి ప్లేట్లు, స్క్రూలు వేయించుకున్నవాళ్లను ఇంటికొచ్చాక బాగా విసిగించేది ముక్కు. దవడ సైనస్ (పై దవడ ఎముక లోపలి గాలి గది) గోడ కూడా విరిగి ఉంటుంది కాబట్టి లోపల రక్తం నిలుస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో అదే పోతుంది. సైనస్ నుంచి ముక్కులోకి వచ్చే సన్నటి దారి వాపుతోనో ఎముక ముక్కతోనో మూసుకుపోతే మాత్రం చీము పడుతుంది. ముక్కులో ఎండిన రక్తాన్ని, పక్కుల్ని కడగడానికి, ముక్కులోకి ఉప్పునీళ్లు నొక్కి పంపే నీల్‌మెడ్ సైనస్ రిన్స్ సీసా బాగా పనికొస్తుంది.

సీసా 240 మిల్లీలీటర్లు. ప్యాకెట్‌లో ఉప్పు, సోడియం బైకార్బొనేట్ కొలిచి ఉంటాయి. గీత దాకా నీళ్లు పోసి ఒక ప్యాకెట్ కలిపితే మంట ఉండదు. పొదుపుగా సగం ప్యాకెట్ వేస్తే ముక్కు భగ్గుమంటుంది.

దీని లోపమల్లా సీసా నొక్కితే వచ్చే ఒత్తిడే. మామూలు జలుబుకు అది వరం, కొత్తగా అతికిన ఎముకకు కాదు. అందుకే సర్జన్ సరే అన్నాకే మొదలుపెట్టాలి. అప్పటిదాకా సెలైన్ (ఉప్పునీళ్ల) స్ప్రే చాలు. ముక్కు చీదడం అసలు వద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. లేకపోతే విరిగిన చోటునుంచి గాలి కంటిగుంటలోకి దూరి రెప్ప ఒక్కసారిగా ఉబ్బుతుంది, వేలితో తాకితే కరకరలాడుతుంది. అలా అయితే, ముఖ్యంగా చూపు మసకబారితే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నుదుటి ఎముకో పుర్రె అడుగు ఎముకో విరిగి ముక్కునుంచి నీళ్లలా పలచగా కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. అప్పుడు ఈ సీసా ముట్టుకోకూడదు.

నీళ్లు కనీసం 1 నిమిషం తెర్లకాచి, గోరువెచ్చగా చల్లార్చాలి. లేదా డిస్టిల్డ్ వాటర్ వాడొచ్చు, దాన్ని కాచక్కర్లేదు. ఆర్‌వో నీళ్లనైనా కాచాల్సిందే. నెగ్లేరియా అనే అమీబా తాగే నీళ్లలో ఉన్నా కడుపుకేం చేయదు, ముక్కులోకి వెళ్తేనే ప్రాణాంతకం. సింకు మీదికి వంగి, నోటితో ఊపిరి తీస్తూ, మొదట్లో ఒక్కో వైపు 60 మిల్లీలీటర్లు మెల్లగా వదలండి. చెవి బిగిస్తే ఆపేయండి. తర్వాత చీదకుండా తల వంచి నీళ్లు కారనివ్వాలి. మిగిలిన నీళ్లు పారబోసి, సీసా కడిగి ఆరబెట్టాలి. 3 నెలలకోసారి కొత్తది కొనాలి.

ఒకే వైపు కుళ్లు వాసనతో చీము, పైపళ్ల నొప్పి, వంగితే చెంప బరువు, జ్వరం ఉంటే ఎన్ని సీసాలు పోసినా లాభం లేదు. స్క్రూ వదులై ఉండొచ్చు, ఎముక ముక్క లోపల మిగిలి ఉండొచ్చు. దానికి సీటీ స్కాన్ తీయించాలి. కడిగిన నీళ్లు పైచిగురు కోతలోంచి నోట్లోకి వస్తున్నా, నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నా, నోటికీ సైనస్‌కూ మధ్య రంధ్రం పడిందేమో సర్జన్ చూడాలి. ఆలోగా కడగడం ఆపేయండి.