కీలాగ్రమా, స్టిగ్మానా? పిల్లలకు ముందు ఏది చెప్తే మేలు?

"సార్, పువ్వు భాగాలు తెలుగుల చెప్తరా, ఇంగ్లిష్‌లనా? మళ్ల ఇంటర్‌ల టెన్షన్ కావద్దు." హన్మకొండలో బయాలజీ ట్యూషన్ చెప్పే నన్ను జూన్ వచ్చిందంటే కనీసం పది మంది తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. ఇన్నేళ్లూ "రెండూ చెప్తానండీ" అని తప్పించుకున్నాను. ఈ ఏడాది మా అమ్మాయికే ఆ పాఠం వచ్చింది. ఇక తేల్చుకోక తప్పలేదు.

పెరట్లో మందార పువ్వు కోసి చేతికిచ్చాను. స్టేమెన్, ఫిలమెంట్, యాంథర్, స్టిగ్మా, స్టైల్, ఓవరీ అని గడగడా అప్పజెప్పింది. "స్టైల్ చూపించు" అంటే పువ్వు మధ్యలోంచి పొడుచుకొచ్చిన ఎర్ర గొట్టం మొత్తాన్నీ పట్టుకుంది. చాలామంది ఇక్కడే పడతారు. మందారంలో ఆ గొట్టం కేసరదండాలన్నీ (ఫిలమెంట్లు) కలిసిపోయి ఏర్పడింది. కీలం, అంటే అసలు స్టైల్, దాని లోపలి నుంచి వెళ్లి పైన బయటపడుతుంది. బ్లేడుతో గొట్టాన్ని నిలువునా చీల్చితే లోపల సన్నటి దారంలాంటి కీలం కనిపించింది.

ఈసారి తెలుగులో అడిగాను. "కీలాగ్రం ఏది?" అగ్రం అంటే కొస అని తనకు తెలుసు. చిట్టచివర ఐదు ఎర్ర బుడిపెల మీద వేలు పెట్టింది. "పరాగకోశం?" కోశం అంటే సంచి అన్నాను. గొట్టం చుట్టూ ఉన్న పసుపు గుండ్లను గిల్లి గోటికంటిన పుప్పొడి చూపించింది. నా లెక్కలో అసలు తేడా ఇదే: తెలుగు పేరు ఆ భాగం ఎక్కడుందో, ఏం చేస్తుందో తనే చెప్తుంది. స్టైల్ అన్న మాట మా పిల్లలకు హెయిర్ కటింగ్‌నే గుర్తుచేస్తుంది. గుమ్మడి ఆడ పువ్వు కింద పిందె ఉంటుంది కదా, దాన్ని నిమ్న అండాశయం అంటే కింద ఉన్నదని అర్థమైపోతుంది. అదే ఇన్‌ఫీరియర్ ఓవరీ అంటే, "నాసిరకమా సార్?" అని అడిగినవాడు ఒకడున్నాడు.

అలాగని తెలుగు పేర్లలో లోపం లేదనను. అండకోశం (పువ్వులో ఆడ భాగం మొత్తం), అండాశయం (దాని అడుగునుండే ఓవరీ), అండం (ఓవరీ లోపల ఉండేది) వరసగా చెప్తే పెద్దవాళ్లకే తికమక. పైగా మనుషుల పాఠంలో అండం అంటే ఒక్క కణం. పువ్వులో అండం అంటే రేపు విత్తనమయ్యే భాగం మొత్తం, అసలు స్త్రీబీజకణం దాని లోపల ఉంటుంది. ఇక్కడ ఇంగ్లిషే నయం. విత్తనమయ్యేదానికి ఓవ్యూల్, కణానికి ఓవమ్ అని రెండు వేరు మాటలున్నాయి. నేనూ ఈ ఒక్క చోట ఇంగ్లిష్ మాటే ముందు చెప్తాను.

కేసరం, అంటే స్టేమెన్, పుప్పొడి ఇచ్చే మగ భాగం. దాని సంగతి ఇంకో చిత్రం. కేసర్ అని చిన్న డబ్బాల్లో అమ్మే కుంకుమపువ్వు కేసరం కాదు, ఎండబెట్టిన కీలాగ్రాలు. ఒక్కో పువ్వుకు మూడే వస్తాయి. పేరును నమ్ముకుంటే అక్కడ మోసపోతాం.

ఊరి మాటల సంగతి కూడా చెప్పాలి. హుజూరాబాద్ వైపు పిల్లలకు ఆడ-మగ వరి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం రెండు రకాల వరిని పక్కపక్క వరుసల్లో వేసే సాగు, చిన్నప్పటి నుంచీ తెలుసు. పూత మీద ఉన్నప్పుడు పొద్దెక్కాక పొలానికి అటొకరు ఇటొకరు తాడు పట్టుకుని మగ వరుసల మీదుగా లాగితే పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడుతుంది. పరాగసంపర్కం చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కానీ ఆ ఆడ వరి పువ్వులోనూ ఆరు కేసరాలుంటాయి, వాటి పుప్పొడే పనికిరాదు. ఈ సంగతి చెప్పకపోతే వరిలో ఆడ పువ్వు, మగ పువ్వు వేరువేరుగా ఉంటాయని రాసేస్తారు.

గైనీషియం (ఆడ భాగం), ఆండ్రీషియం (మగ భాగం) లాంటి గ్రీకు పేర్లు ఇంటర్‌లో ఎలాగూ వస్తాయి, ఇప్పుడు వదిలేయండి. కేసరానికి హిందీ పేరు పుంకేసర్ మనకు అక్కర్లేదు.

ఇక పరీక్షల భయం. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు పుస్తకాలే ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగుగా వేశారు. నీట్ కూడా తెలుగులో రాయొచ్చు. ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చేరేవాళ్లకు ఇంగ్లిష్ పేర్లు తప్పవు, నిజమే. కానీ భాగం గుర్తుపట్టినవాడికి ఆ పది పేర్లు ఒక్క సాయంత్రం పని. పేర్లు బట్టీపట్టి పువ్వు చూడనివాడికి తర్వాత బొమ్మ గీయమంటేనే కష్టం.

మా అమ్మాయి నోట్స్‌లో ఇప్పుడు మందారం బొమ్మకు ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లిష్ ఉన్నాయి. అండం ఎదురుగా మాత్రం ఎర్ర పెన్నుతో రాసుకుంది: "గుడ్డు కాదు. రేపటి గింజ."