ఉలురు దారిలో చూసిన ఇళ్లు, ఆసుపత్రులు

ఆస్ట్రేలియా నడిమధ్యనున్న ఉలురుకు మనవాళ్లు బాగానే వెళ్తున్నారు. సూర్యాస్తమయం వేళ ఎర్రకొండ రంగులు మారడం చూసి, ఫొటోలు తీసుకుని, మర్నాటి విమానానికి వెనక్కి వచ్చేస్తారు. ఆ అందం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను ఆ దారిలోని కట్టడాల గురించి రాస్తాను: ఆదివాసుల కోసం కట్టిన ఇళ్లు, డయాలసిస్ కేంద్రాలు, సాంస్కృతిక కేంద్రం, వాటి మధ్య మేం దిగిన బసలు. నేను ఉద్దానంలో పుట్టి పెరిగాను. కిడ్నీ జబ్బు మాట ఎక్కడ వినబడినా నా మనసు అటే పోతుంది. ఈ ప్రయాణంలో ఆ మాట చాలాసార్లు వినబడింది.

మేం అడిలైడ్‌లో ఉంటాం. విమానంలో వెళ్తే పని తేలిక. కానీ పిల్లలకు జూలై సెలవులు, మావారికి కారు నడపడమంటే ప్రాణం. ఎడారి మధ్యలోని పట్నం ఆలిస్ స్ప్రింగ్స్ దాకా స్టువర్ట్ హైవే మీద దాదాపు 1,500 కిలోమీటర్లు. మధ్యలో కూబర్ పీడీలో రాత్రి ఆగాం. ఓపల్ రాళ్ల గనుల ఊరు అది. ఎండ దెబ్బకు అక్కడివాళ్లు కొండను తొలిచి నేల కింద ఇళ్లు చేసుకున్నారు. బయట వేసవిలో 40 డిగ్రీలు దాటినా, చలికాలం రాత్రి వణికించినా లోపల 23–25 డిగ్రీలే ఉంటుంది. మా గదికి కిటికీ లేదని చిన్నది కాసేపు భయపడింది, తర్వాత అందరికంటే ముందు నిద్రపోయింది. ఒక రాత్రికి తప్పకుండా ఆగదగిన చోటు.

అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్తుంటే రోడ్డుకు పడమర వైపు ఏపీవై లాండ్స్ మొదలవుతాయి. లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ నేల 1981 నుంచి చట్టప్రకారం అనంగు అనే ఆదివాసులది. అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు, మేం వెళ్లలేదు. కానీ ఈ ప్రయాణంలో నేను ప్రతి భవనాన్నీ చూసిన చూపు అక్కడ పుట్టిన ఆలోచనే.

1985లో అక్కడి ఆరోగ్య సంస్థ నగనంపా హెల్త్ కౌన్సిల్‌కు యామీ లెస్టర్ డైరెక్టరు. 1953లో బ్రిటిష్ వాళ్లు ఆ ఎడారిలో అణుపరీక్షలు జరిపినప్పుడు చిన్నపిల్లాడు. అప్పుడు కమ్మిన నల్ల పొగ వల్లే తన చూపు పోయిందని జీవితాంతం పోరాడిన మనిషి. ఊళ్లలో క్లినిక్కులు వచ్చాయి, డాక్టర్లు వచ్చారు, అయినా పిల్లలు మళ్లీ మళ్లీ అవే జబ్బులతో వస్తున్నారు. అసలు జబ్బు పడకుండా చూడండి అని ఆయన ముగ్గురికి పని అప్పజెప్పాడు: డాక్టర్ పాల్ టొర్జిల్లో, ఆర్కిటెక్టు పాల్ ఫొలెరోస్, పర్యావరణ ఆరోగ్యం చూసే స్టీఫన్ రైనో. 1987లో వాళ్ల నివేదిక వచ్చింది. ఆరోగ్యంగా బతకాలంటే ఇంట్లో ఏమేం జరగాలో తొమ్మిది పనులు వరసగా రాశారు. మొదటిది ఒళ్లు కడుక్కోవడం, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు స్నానం. తర్వాత బట్టలూ పక్కలూ ఉతకడం, మురుగు బయటికి పోవడం, వండుకునే వీలు. దుమ్ము, చలీ వేడీ, ఇరుకు, పురుగూ పుట్రా అన్నీ ఆ తర్వాతే.

ఇంతేనా అనిపించవచ్చు. కానీ స్నానం చేయించాలంటే కొళాయిలో నీళ్లు రావాలి, వేడినీళ్ల ట్యాంకు పనిచేయాలి, పసిపిల్లను కూర్చోబెట్టడానికి తొట్టి ఉండాలి, తూము పూడిపోకూడదు. స్నానం లేకపోతే ఒంటిమీద గజ్జి, పుండ్లు. వాటిలో చేరే స్ట్రెప్టోకోకస్ క్రిమి వల్ల కొందరికి గుండె కవాటాలు దెబ్బతింటాయి, కొందరికి కిడ్నీలు దెబ్బతింటాయి. చిన్నప్పుడు పాడైన కొళాయి ముప్పయ్యేళ్ల తర్వాత డయాలసిస్ కుర్చీ దాకా తీసుకుపోగలదు. మా ఊళ్ల కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలనే లేదు. ఇక్కడ కొంత దారైనా కళ్లకు కనబడుతోంది, దాన్ని మూసేయగల పనీ తెలుసు. అందుకే ఆ వరస చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ పని తర్వాత హెల్తాబిటాట్ అనే సంస్థగా నిలబడింది. వాళ్ల పద్ధతి నాకు చాలా నచ్చింది. ఇంట్లోకి వచ్చి కాగితాలు నింపుకుని వెళ్లిపోవడం ఉండదు. పరీక్ష మొదలైన రోజే ప్లంబరు, ఎలక్ట్రీషియను వెంట ఉంటారు, మరమ్మతు అప్పుడే మొదలవుతుంది. పనిచేసే వాళ్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే. వేల ఇళ్లు చూశాక తేలింది ఏమిటంటే, పాడైన వాటిలో ఇంట్లోవాళ్లు పాడుచేసినవి పదో వంతు కూడా లేవు. మూడింట రెండు వంతులకు పైగా రోజువారీ మరమ్మతు లేక పాడైనవి, మిగిలినవి మొదటే నాసిగా కట్టినవి. "ఇల్లు ఇస్తే పాడుచేసుకుంటారు" అనే మాట మన దగ్గర కూడా కాలనీ ఇళ్ల గురించి ఎన్నిసార్లు విన్నానో. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పదేళ్ల పాటు ఈ పద్ధతి నడిపి 2010లో లెక్క తీస్తే, ఆ ఇళ్లవాళ్లు అంటువ్యాధులతో ఆసుపత్రిలో చేరడం 40 శాతం తక్కువగా ఉంది.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో మేం దిగిన మోటల్ పేరు చెప్పను. గది శుభ్రంగా ఉంది, మంచాలు బాగున్నాయి, ఫొటోల్లో చూసిన దానికి ఏమీ తగ్గలేదు. కానీ స్నానాలగది నేల వాలు తూము వైపు లేదు. నీళ్లు గుమ్మం దాటి కార్పెట్ దాకా వచ్చాయి. చెప్తే తువ్వాళ్లు ఇచ్చారు, ప్లంబరు మాత్రం మేం ఖాళీ చేసేదాకా రాలేదు. మాకు అది రెండు పూటల చిరాకు. అలాంటి గదిలో చంటిపిల్లలతో ఏళ్ల తరబడి ఉండే తల్లికి అది జీవితం. అప్పటినుంచి నేను ఎక్కడ దిగినా ముందు స్నానాలగది తూము, తర్వాత పొయ్యి, ఆ తర్వాతే కిటికీలోంచి కనబడేది చూస్తున్నాను. వంటగది ఉన్న బస తీసుకోండి. శాకాహారులకు బయట తిండి కష్టం. ఊళ్లో ఇండియన్ సరుకులు దొరుకుతాయి, పప్పూ అన్నం చేసుకోవచ్చు.

ఊళ్లో టాడ్ మాల్ దగ్గర పాపున్యా తులా గ్యాలరీకి తప్పకుండా వెళ్లండి. 1972లో మొదలైన, ఆదివాసీ చిత్రకారులే యజమానులైన సంస్థ. ఆ చుక్కల బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి, ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ బొమ్మల్లోంచి ఒక వైద్య సేవ పుట్టింది. ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమరగా 500 కిలోమీటర్లకు పైగా దూరంలో కింటోర్ అనే ఊరు ఉంది. కిడ్నీలు పోయినవాళ్లు వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం ఊరూ మనుషులూ వదిలి ఆలిస్ స్ప్రింగ్స్‌కు వచ్చి ఉండిపోవాల్సి వచ్చేది. పెద్దవాళ్లు లేకపోతే పిల్లలకు కథలు చెప్పేవాళ్లు, పాటలు నేర్పేవాళ్లు ఉండరు. ప్రభుత్వం ముందుకు రాకపోతే కింటోర్, కివిర్‌కుర్రా ఊళ్ల చిత్రకారులు కలిసి పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. 2000 నవంబరులో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో వేలం పెడితే పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2004లో కింటోర్‌లో డయాలసిస్ మొదలైంది. ఇప్పుడు దాన్ని అందరూ పర్పుల్ హౌస్ అంటారు. మారుమూల ఊళ్లలో కేంద్రాలున్నాయి, ఎడారిలో తిరిగే డయాలసిస్ లారీ ఉంది. 2018 నుంచి మారుమూల డయాలసిస్‌కు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా డబ్బు కడుతోంది.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో వాళ్ల చోటు ఒక మామూలు ఇల్లు. పెద్ద గాజు తలుపులు, పొడవాటి వరండాలు, టోకెన్ నంబర్లు ఉండవు. పెరట్లో నిప్పు వేసుకుని కూర్చుంటారు, కంగారూ తోక కాల్చుకుంటారు, వైద్యానికి వచ్చిన వాళ్ల వెంట బంధువులు ఉంటారు. ఎడారి మూలికలతో తైలాలు చేసి అమ్ముతారు, నేనూ కొన్నాను. అది రోగుల చోటు కాబట్టి చూడ్డానికని లోపలికి దూరిపోకండి. నాకు అక్కడి నిర్మాణంలో గొప్పగా తోచింది ఇది: వైద్యం చేసే యంత్రం ఇంట్లోకి వచ్చింది, మనిషిని తన ఇంటి నుంచి పీకి యంత్రం దగ్గరికి తేలేదు.

మా పెదనాన్న డయాలసిస్ కోసం తెల్లవారుజామున బయల్దేరి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖ వెళ్లి రాత్రికి తిరిగొచ్చేవాడు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, ఆయన చూడలేదు. దూరం కూడా రోగంలో ఒక భాగమే అని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో మాకు తెలిసిన గుంటూరు అక్క ఉంది, నర్సు. వాళ్లింట్లో గోంగూర పప్పు తింటూ ఆసుపత్రి భవనాల గురించి చాలా అడిగాను. "చెల్లీ, మంచం ఎంత మెత్తగా ఉన్నా బయట నేల కనబడకపోతే ఆదివాసీ రోగులు ఉండలేరు. చెప్పకుండా లేచి వెళ్లిపోతారు" అంది. ఇక్కడి ఆదివాసీ కుటుంబాల్లో అల్లుడూ అత్తగారూ ఎదురుపడకూడదు, మాట్లాడుకోకూడదు. ఒకటే వెయిటింగ్ హాలు, ఒకటే తలుపు ఉంటే ఆ మనిషి లోపలికే రాడు. దాన్ని చూసి "అపాయింట్‌మెంటుకు రాలేదు" అని రాసుకుంటారు. కూర్చోవడానికి రెండు మూడు చోట్లు, ఎవరొస్తున్నారో ముందే కనబడేలా చూపు, పక్కకు తప్పుకునే దారి, బయట చెట్టు నీడ, ఆడవాళ్లకు మగవాళ్లకు వేరు వేరు భాగాలు ఉండాలి. ఖర్చు పెద్దగా పెరగదు, గీత గీసేముందు అడిగితే చాలు. ఊళ్లో కాంగ్రెస్ అనే ఆదివాసీ ఆరోగ్య సంస్థ 1973 నుంచి ఉంది. దాని కింద ఆలుకూరా అనే ఆడవాళ్ల ఆరోగ్య కేంద్రంలోకి మగవాళ్లను రానివ్వరు. మేనరికాలూ వరసలూ ఉన్న ఇంట్లో పెరిగిన మనకు ఇది అర్థం కాని విషయమేమీ కాదు.

ఇళ్లకూ అదే లెక్క. మూసుకుపోయిన నడవా చివర పడకగది ఉంటే తప్పుకోవాల్సిన బంధువు ఇరుక్కుపోతాడు. రెండువైపులా తలుపులు, చుట్టూ వసారా, పెరట్లో నిప్పుకు చోటు ఉంటే మనుషులు బయట పడుకుంటారు, బయట వండుకుంటారు. ఎవరైనా చనిపోతే ఆ ఇల్లు కొన్నాళ్లు వదిలేస్తారు, ఆ కుటుంబమంతా బంధువుల ఇంటికి చేరుతుంది. నలుగురికని కట్టిన ఇంట్లో అప్పుడు పదిహేను మంది. వేడినీళ్ల ట్యాంకు, మురుగు గొట్టం ఆ పదిహేను మందిని లెక్కలో పెట్టుకుని వేయాలి. పట్నం అంచుల్లో టౌన్ క్యాంపులనే ఆదివాసీ వాడలు ఉన్నాయి. వాటి సంస్థ తంగెంటైర్ కౌన్సిల్ సొంతంగా ఆర్కిటెక్టుల ఆఫీసు పెట్టుకుంది. ఇంకో చిక్కు కరెంటు. చాలా ఇళ్లకు ముందే డబ్బు కట్టే మీటర్లు, డబ్బు అయిపోతే కరెంటు పోతుంది. ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న నార్దర్న్ టెరిటరీలోని 28 మారుమూల ఊళ్లలో చేసిన అధ్యయనంలో, 2018–19లో 91 శాతం ఇళ్లకు ఒక్కసారైనా కరెంటు తెగింది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకున్న మనిషిని తలచుకుంటే నాకు కోపం ఆగలేదు.

ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి, ఉలురు దగ్గరి యాత్రికుల ఊరు యులారా 450 కిలోమీటర్లు. చీకటిపడ్డాక నడపకండి, కంగారూలు, ఒంటెలు, పశువులు రోడ్డు మీదకు వస్తాయి. ఎర్ల్‌డండా దగ్గర ట్యాంకు నింపుకోండి, ధర ఎక్కువే అయినా తప్పదు. ఫోను సిగ్నల్ చాలా చోట్ల ఉండదు.

యులారాలో క్యాంప్‌గ్రౌండ్‌లో క్యాబిన్ తీసుకున్నాం. హోటల్ గదుల ధరలు నలుగురికి భరించేలా లేవు. అందరికీ కలిపి ఒక వంటశాల ఉంది, ఉప్మా చేస్తుంటే పక్క టెంటు వాళ్లు వచ్చి వాసన బాగుందన్నారు. జూలై రాత్రి సున్నా దగ్గరికి పడిపోతుంది, దుప్పట్లు మర్చిపోవద్దు. ఆర్కిటెక్టు ఫిలిప్ కాక్స్ గీసిన ఈ ఊరు 1984లో పూర్తయింది. అంతకుముందు మోటళ్లు కొండ పాదం దగ్గరే ఉండేవి. వాటిని తీసేసి దూరంగా కట్టారు. ఇసుకదిబ్బల కంటే ఎత్తు పెరగని, నేల రంగులో కలిసిపోయిన గోడల మీద తెల్లటి గుడ్డ తెరలు నీడనిస్తాయి. యాత్రికులకు చక్కటి ఊరు, మార్కులు బాగానే వేస్తాను.

కానీ నా మనసు దోచింది కొండ దగ్గరి సాంస్కృతిక కేంద్రం. ఉలురు 1985 అక్టోబరు 26న అనంగులకు తిరిగి దక్కింది. పదేళ్లకు, 1995లో, ఇది తెరిచారు. ఆర్కిటెక్టు గ్రెగరీ బర్జెస్ అనంగులతో కూర్చుని, వాళ్లు ఇసుకలో గీసినవి చూసి పని మొదలుపెట్టాడు. కునియా అనే కొండచిలువ తల్లికీ లిరూ అనే విషసర్పానికీ జరిగిన పోరు ఆ కొండ కథ. రెండు భవనాలు ఆ ఇద్దరిలా మెలికలు తిరుగుతూ ఎదురెదురుగా ఉంటాయి. గోడలు మట్టి ఇటుకలవి. లోపల ఫొటోలు తీయకూడదు, అదే మంచిదైంది, పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి గోడలు తడుముతూ తిరిగారు. మరుకు, వల్కజారా అనే ఆదివాసీ కళాసంస్థల కొయ్యబొమ్మలు, చిత్రాలు అక్కడే కొనుక్కోవచ్చు, డబ్బు చేసినవాళ్లకే పోతుంది. ముందు ఈ కేంద్రం చూసి, తర్వాత కొండ చుట్టూ 10 కిలోమీటర్ల దారి నడవండి. కొండ ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి ఆపేశారు. పక్కనే ముటిజులు, అనంగుల ఊరు. అనుమతి లేకుండా వెళ్లకూడదు. అక్కడ కూడా పర్పుల్ హౌస్ డయాలసిస్ ఉంది. కొండ నీడలోనే ఉండి వైద్యం చేయించుకోవచ్చు.

మేం వెళ్లినప్పుడు పార్కు టికెట్ పెద్దవాళ్లకు మూడు రోజులకు 38 డాలర్లు, పిల్లలకు ఉచితం. డబ్బు తక్కువైతే హోటల్ తగ్గించుకోండి, సాంస్కృతిక కేంద్రానికి మాత్రం సగం రోజు ఉంచుకోండి. ఆర్కిటెక్చర్, సివిల్, నర్సింగ్ చదివే పిల్లలుంటే ఆలిస్ స్ప్రింగ్స్‌లో కనీసం రెండు పూటలు ఆగండి. ఐటీడీఏ కాలనీల్లో, చెంచు పెంటల్లో ఇళ్లు కట్టించే మన ఇంజనీర్లు ఎవరైనా ఇది చదివితే, ఇంటి తాళం ఇచ్చిన ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి కొళాయి తిప్పి చూడమని అడుగుతున్నాను. వెంట ఒక ప్లంబర్ని తీసుకెళ్లండి.