సార్ పాస్ ట్రెక్: కట్టే రుసుము, అయ్యే ఖర్చు

వీపున సంచి తగిలించుకొని హిమాలయాల్లో నాలుగు రోజులు నడిచి రావాలన్న కోరిక ఉన్న మధ్యతరగతి మనిషికి, మన దేశంలో తక్కువ రుసుముతో ఆ అవకాశం కల్పించే సంస్థల్లో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాను ముందు వరుసలో చెప్పుకోవాలి. ఏటా వేసవిలో హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లా కసోల్ నుంచి ఆ సంస్థ నడిపే సార్ పాస్ ట్రెక్ దాని జాతీయ స్థాయి కార్యక్రమాలన్నింటిలోకీ పేరున్నది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల నుంచి కూడా ప్రతి వేసవిలోనూ చాలామంది అక్కడికి వెళ్ళి వస్తుంటారు. వెళ్ళి వచ్చినవాళ్ళందరూ ముందుగా చెప్పే మాట ‘చాలా చవక’ అని. రుసుము వరకూ ఆ మాట నిజమే కాబట్టి నేనూ కాదనను. కానీ రుసుము కట్టగలిగిన వారందరూ ఈ ట్రెక్కుకు వెళ్ళగలిగిన వారు కారు. అందువల్ల ఈ సమీక్షలో సంస్థ అందించే సేవతో పాటు, ఆ సేవను అందుకొనే స్తోమత నిజంగా ఎవరికుందన్న సంగతిని కూడా తూకం వేయదలచుకొన్నాను.

మొదట సేవ సంగతి. సంస్థలో సభ్యత్వం ఉన్నవారికే ఈ కార్యక్రమంలో చోటు దొరుకుతుంది. సభ్యత్వ రుసుము స్వల్పమే. ట్రెక్ రుసుము సంవత్సరాన్ని బట్టి మారుతున్నా, కొన్నేళ్ళుగా పది వేల రూపాయల లోపే ఉంటూ వచ్చింది. పేరున్న ప్రైవేటు సంస్థలు ఇలాంటి దారులకు వసూలు చేసేది ఇంతకంటే చెప్పుకోదగినంత ఎక్కువ. ఆ డబ్బుకు బేస్ క్యాంపు చేరిన రోజు నుంచి తిరిగి బయలుదేరేదాకా గుడారంలో పడక, ఉదయం టీ, ఫలహారం, మధ్యాహ్నానికి డబ్బాలో కట్టుకొనే భోజనం, సాయంత్రం టీ, రాత్రి భోజనం, పడుకోబోయే ముందు వేడి బోర్న్‌విటా, వీపున మోయడానికి రక్‌శాక్ అనే సంచి, కప్పుకోవడానికి స్లీపింగ్ బ్యాగు, కంబళ్ళు, వెంట నడిచే స్థానిక గైడు, చివరికి ఒక ధ్రువపత్రం లభిస్తాయి. కంచం, గ్లాసు, చెంచా, టిఫిన్ డబ్బా ఎవరివి వారే తెచ్చుకోవాలి, ఎవరివి వారే కడుక్కోవాలి. మంచులోంచి వచ్చే నీటిలో నూనె అంటిన డబ్బా కడగడం మాత్రం ఏ కరపత్రంలోనూ కనిపించని శిక్షణ.

తిండి పూర్తిగా శాకాహారం. అన్నం, రొట్టె, పప్పు, ఒక కూర, చాలా పూటలు ఏదో ఒక తీపి ఉంటాయి. కంచర గాడిదలూ గుర్రాలూ మోసుకొచ్చిన సరుకుతో, పది పన్నెండు వేల అడుగుల ఎత్తున, రోజూ ఒక జట్టు వచ్చి ఇంకొక జట్టు వెళ్ళే చోట వేళ తప్పకుండా వేడి భోజనం పెట్టడమే గొప్ప విషయమని ఒకసారి అక్కడ నిలబడి చూసిన వారు ఒప్పుకొంటారు. కారం సంగతి వేరు. మన వాళ్ళ సంచుల్లో మే నెల కొత్త ఆవకాయ, కందిపొడి ఉండి తీరుతాయి. రెండో రోజు నుంచి గుజరాతీలూ మరాఠీలూ కూడా ఆ సీసా ఎక్కడుందో కనిపెట్టి వస్తారు కనుక, తీసుకువెళ్ళేవారు కాస్త పెద్ద సీసానే సర్దుకోవడం మంచిది.

దారి విషయానికి వస్తే, పార్వతీ నది ఒడ్డున సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉన్న కసోల్‌లో మొదలై, 13,800 అడుగుల ఎత్తున్న సార్ కనుమ (సార్ పాస్) దాటి, అవతలి లోయలో బర్షేణి వైపు దిగే ఈ నడక కొత్తవారిని దృష్టిలో పెట్టుకొని చక్కగా మలచినది. కసోల్‌లో మొదటి రోజులు ఒంటిని ఎత్తుకు అలవాటు చేయడానికీ, బరువుతో చిన్న కొండ ఎక్కి దిగడానికీ, తాడు పట్టుకొని బండ దిగడం వంటి ప్రాథమిక పాఠాలకూ కేటాయిస్తారు. ఆ తరువాత వాగు వెంట అడవిలో నడిచి గ్రహణ్ అనే ఊరు చేరతారు. చెక్క ఇళ్ళతో ఉన్న ఆ పల్లెలో మద్యానికీ పొగాకుకూ చోటు లేదు. ఊరివారు పెట్టుకొన్న ఆ నియమాన్ని పొరుగునే ఉన్న కసోల్ వీధులతో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. అక్కడి నుంచి పద్రి, మింగ్ థాచ్ పచ్చిక మైదానాల మీదుగా నగారు శిబిరానికి చేరేసరికి చెట్లు వెనకబడిపోయి, మంచూ గాలీ మాత్రమే మిగులుతాయి. కనుమ దాటే రోజు తెల్లవారక ముందే బయలుదేరాలి. ఎండెక్కి మంచు మెత్తబడితే అడుగు దిగబడి నడక నరకమవుతుంది గనుక ఆ తొందర అవసరమే. అవతలి వైపు వాలు మీద కూర్చొని మంచులో జారుతూ దిగే ఘట్టం కోసమే వచ్చామనేవారు ప్రతి జట్టులోనూ ఉంటారు. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. అయితే మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించవలసింది జారుడు గురించి కాదు, ఆ తరువాత రెండు రోజుల దిగుడు గురించి.

సంస్థ బలం దాని క్రమశిక్షణలో ఉంది, బలహీనత కూడా అక్కడే ఉంది. రోజుకొక జట్టు చొప్పున వారాల తరబడి ఒకే దారిలో పంపిస్తేనే రుసుము ఈ స్థాయిలో ఉండగలదు. ఎందుకంటే గుడారాలు ఎత్తి దింపే పని ఉండదు, ఒక వంటశాల ఆ రుతువంతా నడుస్తుంది, శిబిర నాయకుల్లో చాలామంది జీతం తీసుకోని స్వచ్ఛంద సభ్యులు. కానీ ఆ ఏర్పాటులో నలభై యాభై మంది ఒక వరుసగా నడవాలి, పది మందికి పైగా ఒక గుడారంలో సర్దుకోవాలి, దీపాలార్పే వేళకు అందరూ పడుకోవాలి. ఏకాంతం కోరి కొండకు వెళ్ళేవారికి ఇది సరిపడదు. ఒక్కొక్కరి ఒంటి తీరును గమనించి వేగాన్ని మార్చే వీలు చిన్న జట్లలో ఉన్నంతగా ఇక్కడ ఉండదు కాబట్టి, చేరేటప్పుడు ఇవ్వవలసిన వైద్యుడి ధ్రువపత్రాన్ని వట్టి సంతకంగా భావించక, ముందు రెండు నెలలు నిజంగా నడిచి వెళ్ళడం ఎవరికి వారు చేసుకోవలసిన పని. ఆడవారికి వేరే గుడారాలు ఉండటం, పాత సంస్థ అన్న నమ్మకం ఉండటం వల్ల, మరే విధంగానూ ఇంట్లో అనుమతి దొరకని అమ్మాయిలు ఇక్కడికి రాగలుగుతున్నారు. నా దృష్టిలో ఈ సేవకున్న అతి పెద్ద విలువ ఇదే, చవకతనం కాదు.

ఇక వచ్చేది ఎవరు? శిబిరంలో సాయంత్రం పరిచయాలు చేసుకొనేటప్పుడు వింటే సంగతి తేటతెల్లమవుతుంది. బ్యాంకు ఉద్యోగులు, ప్రభుత్వ ఉపాధ్యాయులు, ఇంజనీరింగు, వైద్య విద్యార్థులు, సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, చిన్న వ్యాపారుల పిల్లలు, పదవీ విరమణ చేసి ఆరోగ్యం చక్కగా కాపాడుకొన్న పెద్దలు కనిపిస్తారు. రోజుకూలీ మీద బతికేవారు ఆ వలయంలో కూర్చోరు. వారు ఆ శిబిరంలో లేరని కాదు. సరుకు మోస్తూ, వంట చేస్తూ, దారి పొడుగునా చిన్న పాకల్లో మ్యాగీ, ఆమ్లెట్టు, టీ అమ్ముతూ ఉంటారు. ఎత్తు పెరిగినకొద్దీ ఆ టీ ధర పెరగడాన్ని దోపిడీ అనేవారు, ఆ గ్యాసు బండనూ పాలపొడినీ వీపు మీద వేసుకొని ఎక్కినవారు కూడా సంచి మోస్తున్నవారేనని గుర్తించరు.

ఖర్చు లెక్క ఒకసారి చూద్దాం. హైదరాబాదు నుంచి బయలుదేరే మనిషి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపరు టికెట్టుతో ఢిల్లీ చేరడానికి ఒకవైపు ఏడు వందల ప్రాంతంలో అవుతుంది. మే నెలలో నాగపూరు దాటే ఆ ప్రయాణం చేసినవారికి ఏసీ టికెట్టు విలాసంగా తోచదు, కాని మనం తక్కువలో తక్కువ లెక్క వేస్తున్నాం. కశ్మీరీ గేటు బస్టాండు నుంచి రాత్రి బస్సులో భుంతర్‌కు సాధారణ బస్సయితే వెయ్యి ప్రాంతంలో, అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలోని కసోల్‌కు స్థానిక బస్సు. రానూపోనూ దారి ఖర్చులు, ఢిల్లీలో స్నానానికీ సామాను పెట్టుకోవడానికీ ఒక గది, తిండి అన్నీ కలిపితే ఐదారు వేలకు తగ్గదు. ఇక వస్తువులు. రక్‌శాక్, స్లీపింగ్ బ్యాగు సంస్థ ఇస్తుంది గనుక అతి పెద్ద భారం తప్పుతుంది. అయినా చీలమండ దాకా పట్టుకొనే మంచి పట్టున్న బూట్లకు మూడు వేల దాకా, లోపలి ఉన్ని బట్టలకూ పై జాకెట్టుకూ కలిపి రెండు వేలకు పైగా, వానకు పాన్చో, మంచుకు నల్ల కళ్ళద్దాలు, తల దీపం, చేతి తొడుగులు, కర్ర అన్నీ కలిపి మరో రెండు వేలు ఎంత పొదుపుగా కొన్నా అవుతాయి. రుసుముతో కలిపి మొదటిసారి వెళ్ళేవారికి ఇరవై వేలకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. అంటే చవక అని చెప్పుకొనే రుసుము మొత్తం ఖర్చులో సగం కూడా కాదు.

ఆ ఇరవై వేలు ఎవరికి ఎంత? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఎల్‌టీసీ, బ్యాంకు ఉద్యోగికి ఎల్‌ఎఫ్‌సీ అనే సెలవు ప్రయాణ రాయితీల కింద దారి ఖర్చులో కొంత భాగమైనా వెనక్కి వచ్చే అవకాశం ఉంది. ప్రైవేటు కళాశాలలో పాతిక వేల జీతానికి పాఠం చెప్పే అధ్యాపకుడికి అది నెల జీతంలో అధిక భాగం. ఉపాధి హామీ పథకంలో మన రెండు రాష్ట్రాలకూ 2024-25లో ప్రకటించిన రోజు కూలి 300 రూపాయలు. ఆ లెక్కన ఇరవై వేలంటే దాదాపు అరవై ఏడు రోజుల కూలి, అప్పటి చట్టం హామీ ఇచ్చిన నూరు రోజుల పనిలో మూడింట రెండు వంతులు. డబ్బు అప్పుగానైనా పుడుతుందేమో కాని, పోనురాను ప్రయాణంతో కలిపి రెండు వారాల సెలవు అప్పు పుట్టదు. జీతంతో కూడిన సెలవున్నవాడికి ఈ సరదా ఖరీదు ఇరవై వేలు, సెలవు లేనివాడికి ఇరవై వేలతో పాటు పోయిన కూలి కూడా. మే నెలలో పొలం ఖాళీగా ఉండే మెట్టరైతుకు తీరిక ఉంటుంది, కాని మృగశిర ముందు చేతిలో ఉన్న డబ్బు విత్తనాలకూ ఎరువులకూ పోవలసిందే. సాఫ్ట్‌వేరు ఉద్యోగికి డబ్బుంటుంది, రెండు వారాలు వరుసగా సెలవు దొరకదు. అందుకే అతడు ఎక్కువ రుసుము కట్టి, విమానంలో వెళ్ళి, తక్కువ రోజుల్లో ముగిసే ప్రైవేటు ట్రెక్కును ఎంచుకొంటాడు. వేసవి సెలవులున్న ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఇక్కడ ఎక్కువగా కనిపించడానికి కొండల మీద వారికున్న ప్రత్యేక మమకారం కారణం కాదు.

సంస్థలేవీ వద్దు, గుడారమూ పొయ్యీ నేనే మోసుకొని వెళతాను, అది ఇంకా చవక అని వాదించేవారు కొందరుంటారు. ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్ళేవారి విషయంలో ఆ లెక్క కుదురుతుంది. ఒకసారి వెళ్ళేవారికి తేలికైన గుడారం, చలికి ఆగే స్లీపింగ్ బ్యాగు, కింద పరచుకొనే మ్యాటు, చిన్న పొయ్యి కొనేసరికే రుసుము కంటే ఎక్కువ అవుతుంది. పైగా గ్యాసు డబ్బాను రైల్లోనూ విమానంలోనూ తీసుకువెళ్ళడం నిషిద్ధం కనుక అక్కడికి వెళ్ళాక వెదుక్కోవాలి. నగరాల్లో ఇప్పుడు బూట్లు, జాకెట్లు, సంచులు అద్దెకిచ్చే దుకాణాలు వచ్చాయి. జాకెట్టు, కర్ర అద్దెకు తీసుకోవడం తెలివైన పని. బూట్లు మాత్రం అద్దెవి వద్దు, ఇంకొకరి పాదానికి అలవాటు పడిన బూటు మూడో రోజుకు మడమ తోలు తీస్తుంది.

పేదవారు కొండలెక్కలేరని కాదు. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాదు జిల్లాకు చెందిన వ్యవసాయ కూలీల కుటుంబం నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలకు వచ్చిన ఆ అమ్మాయితో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. భువనగిరి బండ మీద మొదటి పాఠాలు, ఆపైన డార్జిలింగు పర్వతారోహణ సంస్థలో శిక్షణ, యాత్ర ఖర్చు అంతా వారికి ప్రభుత్వ గురుకుల సంస్థ ద్వారా అందాయి. ఎవరెస్టుతో పోలిస్తే సార్ పాస్ ఖర్చు ఏపాటిది? ప్రతి గురుకులం నుంచి ఏటా ఒకరిద్దరు పిల్లలను ఇలాంటి జాతీయ ట్రెక్కుకు పంపడం ప్రభుత్వానికి మోయలేని బరువు కాదు. యూత్ హాస్టల్స్ సంస్థ కూడా రాష్ట్ర శాఖల ద్వారా అలాంటి పిల్లలకు రుసుము లేని చోట్లు కొన్ని కేటాయిస్తే, తన చవకతనానికి ఇంకా అర్థం తెచ్చినట్టవుతుంది.

నా అంచనాలో ఈ ట్రెక్ మొదటిసారి హిమాలయాలకు వెళ్ళే విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ, ఒంటరిగా బయలుదేరే ఆడవారికీ నిస్సందేహంగా తగినది. చిన్న జట్టు, నిశ్శబ్దం, ఆలస్యంగా నిద్ర లేవడం కోరేవారు వేరే చోటు చూసుకోవాలి. వెళ్ళదలచినవారు సభ్యత్వం ముందే తీసుకొని, నమోదు మొదలైన వెంటనే తేదీ ఖాయం చేసుకోవాలి. రైలు టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుచుకొంటున్నాయి కాబట్టి ఆ రోజు ఉదయమే కొనాలి, తిరుగు టికెట్టుకు ఢిల్లీలో ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవాలి. కొత్త బూట్లు కొన్నవారు కనీసం నెల రోజులు వాటితోనే బజారుకూ ఆఫీసుకూ వెళ్ళి, కసోల్ చేరకముందే పాదానికి పట్టించుకోవాలి.