డీఎఫ్‌సార్ట్‌లో ఫీల్డును అంకెలతో చెప్పాలా, పేరుతో పిలవాలా: ఏది మేలు?

మెయిన్‌ఫ్రేమ్‌లో రికార్డులను వరుసలో పేర్చే ప్రోగ్రామ్ డీఎఫ్‌సార్ట్. దానికి ఒక ఫీల్డును, అంటే రికార్డులోని ఒక భాగాన్ని, రెండు విధాలుగా చూపించవచ్చు. అది ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో, ఎన్ని బైట్లుంటుందో, ఏ రూపంలో ఉంటుందో వాడిన ప్రతిచోటా అంకెలతో రాయడం మొదటి పద్ధతి. ఆ వివరాలను సిమ్‌నేమ్స్ అనే డీడీలో (నడిపే పనికి, అంటే జాబ్‌కు, ఫైలును చూపే వరుస) ఒక్కసారి ప్రకటించి, ఆపైన పేరుతోనే పిలవడం రెండోది. పేర్లుంటే చదవడానికి హాయిగా ఉంటుందన్న మాట నిజమే గానీ, ఎంపికను తేల్చవలసింది ఆ హాయి కాదు. రికార్డు అమరిక మారిన రోజున ఎన్ని చోట్ల చెయ్యి పెట్టవలసి వస్తుందన్నదే అసలు లెక్క.

ఒక రికార్డు తీసుకుందాం. 1వ బైటు నుంచి 10 బైట్ల ఖాతా సంఖ్య, 11 నుంచి 4 బైట్ల శాఖ కోడ్, 15 నుంచి 8 బైట్ల తేదీ, 23 నుంచి 5 బైట్ల ప్యాక్డ్ డెసిమల్ (ఒక్కో బైటులో రెండేసి అంకెలు ఇమిడ్చే రూపం) సొమ్ము మొత్తం ఉన్నాయి. పెద్ద మొత్తాలు ముందు రావాలంటే సార్ట్ ఫీల్డ్స్‌లో 23,5,పీడీ,డీ అని రాస్తాం (పీడీ అంటే ప్యాక్డ్ డెసిమల్, డీ అంటే అవరోహణ క్రమం). కొన్నాళ్లకు శాఖ కోడ్ 6 బైట్లు అయిందనుకోండి, సొమ్ము మొత్తం 25వ బైటుకు జరుగుతుంది. జాబ్ మాత్రం 23 దగ్గరే చూస్తూ, తేదీలోని చివరి రెండు బైట్లనూ మొత్తంలోని మొదటి మూడు బైట్లనూ కలిపి ఒకే సంఖ్యగా భావిస్తుంది. సార్ట్ ఫీల్డులో ఉన్న ప్యాక్డ్ డేటా సరైనదో కాదో డీఎఫ్‌సార్ట్ పరీక్షించదు కాబట్టి, జాబ్ సున్నా రిటర్న్ కోడ్‌తో ముగిసి, వరుస తప్పిన ఫైలు తర్వాతి స్టెప్పుకు వెళ్లిపోతుంది. అదే ఫీల్డును కూడికలు చేసే సమ్‌లో వాడి ఉంటే 0సీ7 అబెండ్ (చెల్లని అంకెల డేటా వల్ల జాబ్ మధ్యలో ఆగిపోవడం) వచ్చే అవకాశమైనా ఉండేది. ఆ రాత్రి ఎవరికో నిద్ర చెడినా తప్పు బయటపడేది.

అయితే పేరు పెట్టినంత మాత్రాన ఈ బాధ తీరదు. సిమ్‌నేమ్స్‌లో కూడా 11,4 అనీ 15,8 అనీ 23,5 అనీ స్థానాలు అంకెలతోనే రాస్తే, శాఖ కోడ్ పెరిగిన రోజున దాని కింద ఉన్న ప్రతి వరుసనూ దిద్దవలసిందే. స్థానం బదులు నక్షత్రం గుర్తు పెడితే, ముందరి ఫీల్డు ముగిసిన చోటు నుంచే తర్వాతి ఫీల్డు మొదలవుతుందని అర్థం. అప్పుడు 4ను 6 చేస్తే చాలు, మిగిలినవన్నీ వాటంతట అవే జరుగుతాయి. మధ్యలో అక్కరలేని బైట్లుంటే స్కిప్ అనే మాట రాసి, ఎన్ని బైట్లు దాటాలో చెప్పవచ్చు. నా దృష్టిలో సిమ్‌నేమ్స్ విలువలో సగానికి పైగా ఈ నక్షత్రం గుర్తులోనే ఉంది.

ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. తేదీలోంచి సంవత్సరాన్ని విడిగా పిలవాలంటే, స్థానం దగ్గర సమాన చిహ్నం పెట్టి పొడవు 4 అని రాస్తాం. అది తేదీ మొదలైన చోటే మొదలవుతుంది. దాని వెంటనే మొత్తాన్ని నక్షత్రంతో రాస్తే, అది తేదీ చివరి నుంచి కాక సంవత్సరం చివరి నుంచి లెక్కకు వచ్చి నాలుగు బైట్లు వెనకబడుతుంది. నెలనూ రోజునూ కూడా రెండేసి బైట్లతో ప్రకటిస్తే లెక్క మళ్లీ సరైన చోటికి చేరుతుంది.

ఇక ఈ పేర్లను ఎక్కడ ఉంచాలన్నది చూద్దాం. జాబ్‌లోనే రాస్తే అన్నీ కళ్లెదుట ఉంటాయి గానీ, అదే ఫైలును పది జాబ్‌లు చదువుతుంటే పది నకళ్లు తయారవుతాయి. పీడీఎస్ మెంబర్‌లో (ఉమ్మడి లైబ్రరీలోని ఒక ఫైలులో) ఉంచి అన్ని జాబ్‌లూ దాన్నే చూసేలా చేయడం మేలు. అదే అమరిక ఒకచోట స్థిర పొడవు రికార్డుగానూ మరొకచోట మారే పొడవు రికార్డుగానూ ఉంటే, రెండో దానిలో మొదటి 4 బైట్లు రికార్డు పొడవు చెప్పే ఆర్‌డీడబ్ల్యూకు పోయి డేటా 5 నుంచి మొదలవుతుంది. మెంబర్‌లో అంతా నక్షత్రాలతోనే రాసి ఉంటే రెండు మెంబర్లు అక్కరలేదు. సిమ్‌నేమ్స్ డీడీలో ముందుగా, తర్వాతి ఫీల్డు మొదలయ్యే చోటును చెప్పే పొజిషన్,1 లేదా పొజిషన్,5 అనే ఒక్క వరుసను జాబ్‌లోనే ఇచ్చి, దాని కింద మెంబర్‌ను కలిపితే సరిపోతుంది. రికార్డు అమరిక కోబాల్ కాపీబుక్‌లో (కోబాల్ ప్రోగ్రాములు పంచుకునే అమరిక వివరణలో) ఉంటే, ఫీల్డుల పేర్లను అక్కడున్నట్టే తీసుకోవడం మంచిది. పేరులో హైఫన్‌ను డీఎఫ్‌సార్ట్ ఒప్పుకుంటుంది, పొడవు 50 అక్షరాల వరకూ ఉండవచ్చు. పెద్ద, చిన్న అక్షరాల తేడాను మాత్రం పట్టించుకుంటుంది.

పేర్లు తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది. సార్ట్‌కు ముందే పనిచేసే ఇన్‌రెక్ బిల్డ్‌తో రికార్డును తిరగరాస్తే, ఆ తర్వాత నడిచే సార్ట్‌కు కొత్త స్థానాలే వర్తిస్తాయి. పాత పేరు మాత్రం పాత స్థానాన్నే సూచిస్తూ, సరైనదానిలాగే కనిపిస్తుంది. అంకెలైతే చదివేవాడు కనీసం అనుమానిస్తాడు. పేరును చూసి ఎవరూ అనుమానించరు. అందుకే బిల్డ్ తర్వాతి అమరికకు పొజిషన్,1తో మొదలుపెట్టి మొదట్లో వేరే అక్షరాలు చేర్చిన పేర్లు ఇవ్వాలి. వీలైతే బిల్డ్‌కు బదులు, మిగతా బైట్లను కదపకుండా చెప్పిన చోటే రాసే ఓవర్‌లే వాడి, కొత్త ఫీల్డులను రికార్డు చివర చేర్చితే పాత పేర్లన్నీ చెల్లుతూనే ఉంటాయి.

ఒక్కసారి నడిపి పారేసే జాబ్‌కు, ఒకటి రెండు ఫీల్డులే తాకే పనికి అంకెలే చాలు. అక్కడ పేర్ల ఏర్పాటు పెళ్లికంటే పందిరి పెద్దదైనట్టు ఉంటుంది. నెలనెలా నడిచే జాబ్‌కు, ఒకటికి మించిన జాబ్‌లు చదివే ఫైలుకు, నక్షత్రాలతో రాసిన ఉమ్మడి మెంబర్‌నే నేను ఎంచుకుంటాను. దానితోపాటు సిమ్‌నౌట్ డీడీ కూడా పెడతాను. ప్రతి పేరుకూ చివరికి ఏ స్థానం, ఏ పొడవు వచ్చాయో అది పట్టికగా చూపిస్తుంది కాబట్టి, శాఖ కోడ్‌ను 6కు మార్చిన వెంటనే సొమ్ము మొత్తం 25 దగ్గరికి వచ్చిందో లేదో ఆ పట్టికలోనే చూసుకోవచ్చు.