మామూలు సెల్లా, ఆల్కలైనా, చార్జింగ్ సెల్లా: ఏది మేలు?

మా కావలి వైపు నవంబరు వచ్చిందంటే తుఫాను భయం. పోయినేడు అలాంటి ఓ రాత్రి కరెంటు పోయింది. బ్యాటరీ లైటు నొక్కితే వెలగలేదు. వెనక మూత బిగుసుకుపోయింది. ఎలాగో తిప్పి చూస్తే సెల్లు కారి, స్ప్రింగు నిండా తెల్లటి పొడి. ఖరీదైన ఆల్కలైన్ సెల్లులు కదా, ఏమీ కాదులే అని ఏడాదిగా అందులోనే వదిలేశాను. "పని లేనప్పుడు సెల్లు తీసి పెట్టమని చెప్పలా?" అన్నాడు మా నాయన.

ఆయన రాత్రిళ్లు కయ్యకు నీళ్లు పెట్టడానికి మూడు సెల్లుల లైటుతో పోయేవాడు. వెలుతురు తగ్గితే సెల్లుల్ని ఎండలో పెట్టేవాడు. అది ఉత్త నమ్మకం కాదు. వేడికి మామూలు సెల్లు లోపలి రసాయన చర్య కాస్త చురుకై ఇంకో పూట వెలుగుతుంది, అంతే. కొత్తగా చార్జింగ్ ఎక్కదు. పైగా ఆ సెల్లుకు జింకు డొక్కే నెగటివ్ కొస. వాడేకొద్దీ డొక్క తరిగిపోయి చివరికి కారుతుంది. ఆల్కలైన్‌ను మాత్రం ఎండలో అసలు పెట్టొద్దు. లోపల ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, చర్మాన్ని కాల్చే క్షారం. నేను చేతికి తొడుగు వేసుకుని, దూదికి నిమ్మరసం అద్ది ఆ పొడి తుడిచాను. లైటు బతికింది.

మా అమ్మాయిది ఇంకో లెక్క. అన్నిటికీ చార్జింగ్ సెల్లులే కొందామంటుంది. రోజూ ఆడే బొమ్మ కార్లకైతే తన మాటే సరి, వందలసార్లు చార్జ్ చేసుకోవచ్చు. అయితే అవి ఎక్కువగా 1.2 వోల్టులే, మిగతా రెండూ 1.5. పాతరకంవైతే ఊరికే పెట్టినా కొన్ని నెలల్లో దిగిపోతాయి. తుఫాను రాత్రికి వాటిని నమ్ముకోలేం.

గోడ గడియారానికి, రిమోటుకు నా ఓటు మామూలు సెల్లుకే. అవి లాగే కరెంటు చాలా తక్కువ. అత్యవసరానికి దాచే లైటుకు ఆల్కలైన్, ఏళ్ల తరబడి నిలవుంటుంది.

ఒక విషయంలో మాత్రం నాయనదే పైచేయి. మూడు సెల్లులూ ఒకేసారి మార్చేవాడు. మా అమ్మాయి ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపి వేస్తుంది. అలా వేస్తే కొత్తది పాతదాన్ని పూర్తిగా పిండేస్తుంది, అప్పుడే అది కారుతుంది. ఇప్పుడు మా అలమరలో లైటు ఖాళీగా ఉంది. పక్కనే విప్పని కవరులో మూడు ఆల్కలైన్ సెల్లులు, మీద అమ్మాయి రాసిన కొన్న తేదీ.